లాంతర్లు పోయాక కిరసనాయిలు: బుల్లి జెట్ ఇంజిన్‌లో ఏం పోయాలి?

పాలకొల్లులో రంగుల కొట్టుకెళ్లి తెల్ల కిరసనాయిలు 20 లీటర్లు కావాలని అడిగితే కొట్టాయన కళ్లజోడు పైకి తోసి నన్ను ఎగాదిగా చూశాడు. "ఇప్పుడు లాంతర్లే లేవు కదండీ, అంత కిరసనాయిలు ఏం చేసుకుంటారండీ?" అన్నాడు. విమానానికి అని చెప్పాను. కాసేపు ఆలోచించి, రంగులు పలచన చేసుకునే టర్పెంటైన్ డబ్బా దించి బల్ల మీద పెట్టాడు. "ఇదీ అలాంటిదేనండీ, పట్టుకెళ్లండి."

ఆయన సాయం చేద్దామనే అన్నాడు. కానీ రిమోట్‌తో ఎగిరే మోడల్ విమానాల్లో నిజమైన జెట్ టర్బైన్ పెట్టుకునేవాళ్ల తికమకంతా ఆ "అలాంటిదే" అన్న మాట చుట్టూనే ఉంది. జెట్ ఏ-1 (పెద్ద విమానాల్లో పోసే ఇంధనం), తెల్ల కిరసనాయిలు, డీజిల్, టర్పెంటైన్ అన్నీ చూడ్డానికి ఒక్కలాగే ఉంటాయి, అన్నీ మండుతాయి. ఇంజిన్‌తో వచ్చిన పుస్తకంలో రెండు మూడు పేర్లుంటాయి. జర్మనీలో ఎగరేసేవాళ్లు ఒకటి చెబుతారు, అమెరికావాళ్లు ఇంకొకటి చెబుతారు. వాళ్ల చలికి, వాళ్ల బంకులకు సరిపోయే సలహా మన ఉక్కపోతలో, మన చట్టాల్లో ఎంతవరకు నిలుస్తుందో ఎవరికి వాళ్లు తేల్చుకోవాల్సిందే.

ఇంధనానికి రెండు ఉద్యోగాలు

పది కిలోల తోపుడు ఇచ్చే టర్బైన్ లీటరు నీళ్ల సీసా కంటే పొడవుండదు. బరువు కిలో పైచిలుకు. ముందు గాలిని నొక్కే చక్రం, మధ్యలో ఉంగరంలాంటి మంట గది, వెనక వేడి గాలికి తిరిగే టర్బైన్ చక్రం ఉంటాయి. రెండు చక్రాలూ ఒకే ఇరుసు మీద తిరుగుతాయి. పూర్తి వేగంలో ఆ ఇరుసు నిమిషానికి లక్షన్నర చుట్లు తిరుగుతుంది. వెనక నుంచి వచ్చే గాలి 600, 700 డిగ్రీల వేడి మీద ఉంటుంది.

ఇంత వేగంతో తిరిగే బేరింగులకు కందెన ఎక్కడి నుంచి వస్తుందన్నదే ఇక్కడ అసలు సంగతి. పెద్ద విమానాల ఇంజిన్లకు వేరే నూనె ట్యాంకు, వేరే పంపు ఉంటాయి. ఈ బుల్లి ఇంజిన్లలో చాలావాటికి ఆ ఏర్పాటు లేదు. ఇంధనంలోనే 4, 5 శాతం నూనె కలుపుతారు. లోపలికి వచ్చిన గొట్టం రెండుగా చీలుతుంది. ఎక్కువ భాగం మంట గదికి పోతుంది. కొద్ది భాగం బేరింగుల మీదుగా పారి, వాటిని తడిపి, చల్లబరిచి, చివరికి అదీ మంటలోకే చేరుతుంది.

అంటే ఇంధనం మండాలి, నూనెను మోయాలి కూడా. "బాగా మండుతుంది" అన్న ఒక్క గుణం చూసి ఎంచుకుంటే రెండో ఉద్యోగం ఖాళీ పడుతుంది. పెట్రోలుకు ఈ ఇంజిన్లలో చోటు లేనిది అందుకే. అది ఇట్టే ఆవిరైపోతుంది, గొట్టాల్లో బుడగలు కడుతుంది, జిడ్డు లేదు, మామూలు వేడికే అంటుకునే ఆవిరి వదులుతుంది.

మంట గదిలో సన్నటి గొట్టాలుంటాయి. ఇంధనం వాటిలోకి వెళ్లి, ఆ వేడికి ఆవిరై, గాలితో కలిసి మండుతుంది. పూర్తిగా ఆవిరి కాని చుక్కలు మసిగా మారతాయి, లేదంటే వెనక గొట్టంలోంచి మంటగా బయటపడతాయి.

తాటిపాకలో వేరుపడే అన్నదమ్ములు

ముడి చమురు నుంచి ఇవన్నీ ఎలా విడిపోతాయో తెలియాలంటే గుజరాత్ దాకా పోనక్కర్లేదు. కోనసీమ కొబ్బరి తోటల నడుమ, తాటిపాకలో ఓఎన్‌జీసీ 2001లో చిన్న రిఫైనరీ పెట్టింది. సామర్థ్యం ఏడాదికి 66,000 టన్నులు. కృష్ణా గోదావరి బేసిన్ చమురుని మరిగించి నాఫ్తా, కిరసనాయిలు, డీజిల్ వేరు చెయ్యడం దాని పని. ముందు తేలిక సరుకు ఆవిరవుతుంది. సుమారు 150 నుంచి 300 డిగ్రీల మధ్య కిరసనాయిలు జాతి వస్తుంది. ఇంకా వేడెక్కాక డీజిల్ వస్తుంది. వాటి హద్దులు ఒకదానిమీద ఒకటి ఎక్కి ఉంటాయి కాబట్టి కొట్టాయన "అలాంటిదే" అన్న మాటలో కొంత నిజముంది. ఆయన చూపించిన టర్పెంటైన్ కూడా పెట్రోలియం సరుకే, కాకపోతే కిరసనాయిలు కంటే తేలిక. రంగు తొందరగా ఆరాలి కాబట్టి దాన్ని అలా చేస్తారు.

జెట్ ఏ-1 అంటే ఏదో మంత్రజలం కాదు, కిరసనాయిలు జాతిదే. దానికీ మామూలు కిరసనాయిలుకీ తేడా ప్రధానంగా పూచీలో ఉంటుంది. మైనస్ 47 డిగ్రీల దాకా గడ్డకట్టకూడదు. వేడి గొట్టాల్లో జిగురు కట్టకూడదు. నీళ్లు, నలకలు ఉండకూడదు. రిఫైనరీ నుంచి రెక్క దాకా ప్రతి మజిలీలో పరీక్ష చేసి కాగితం రాస్తారు. వీటిలో మైనస్ 47 మనకెందుకు? పదకొండు కిలోమీటర్ల ఎత్తున బయట మైనస్ 50 దాటిన చలిలో గంటలకొద్దీ ఎగిరే విమానానికి అది ప్రాణం. వంద మీటర్ల ఎత్తులో కొబ్బరి మట్టల పైన తిరిగే మోడల్‌కి దాంతో పనే లేదు. శుభ్రత మాత్రం మనకీ ప్రాణమే.

మసి సంగతి లాంతరు ముందే చెప్పింది

1996 నవంబరు తుఫాను తర్వాత కోనసీమలో కరెంటు లేక లాంతర్ల వెలుగులో గడిపిన రాత్రులు నా ఈడువాళ్లకు బాగా గుర్తు. చదువుకోడానికి ఇంకాస్త వెలుగు కావాలని వత్తి పైకి తిప్పితే చిమ్నీ పైభాగం నల్లబడేది. అమ్మ కేకలేస్తే మళ్లీ దించేవాళ్లం.

చమురు ప్రయోగశాలల్లో చేసే పరీక్ష సరిగ్గా అదే. ప్రమాణం ప్రకారం చేసిన దీపంలో వత్తి పెంచుకుంటూ పోతారు. పొగ రాకుండా మంట ఎన్ని మిల్లీమీటర్ల ఎత్తు లేస్తుందో కొలుస్తారు. దాన్ని స్మోక్ పాయింట్ అంటారు. ఎత్తు ఎంత ఎక్కువైతే మసి అంత తక్కువన్నమాట. మన దేశంలో కిరసనాయిలుకు పెట్టిన కనీస కొలత చాలాకాలంగా 18 మిల్లీమీటర్లు. జెట్ ఏ-1కి 25. బాగా మసి పట్టించే నాఫ్తలీన్ల జాతి అణువులు 3 శాతం మించకపోతే అంతకంటే కొంత తక్కువైనా ఒప్పుకుంటారు. ఇవి కనీసాలు మాత్రమే. మంచి తెల్ల కిరసనాయిలు జెట్ ఇంధనానికి దగ్గరగా వెలగొచ్చు, ఓ మాదిరిది పద్దెనిమిది దగ్గరే ఆగిపోవచ్చు. డబ్బా మీద ఆ అంకె ఉండదు.

మసికి కారణం ఆరోమాటిక్స్ అనే ఉంగరపు అణువులు. అవి ఎక్కువైతే ఆ మసి బుల్లి ఇంజిన్‌లో ఇగ్నైటర్ (మొదట మంట అంటించే భాగం) మీద, సన్న గొట్టాల మూతుల దగ్గర పేరుకుంటుంది. అప్పుడు ఒకవైపు మంట ఎక్కువగా, రెండోవైపు తక్కువగా పడుతుంది.

డీజిల్ మీద తగువు

చాలామంది తయారీదార్లు తమ మాన్యువల్స్‌లో కిరసనాయిలు, జెట్ ఏ-1 పక్కన డీజిల్ పేరు కూడా రాస్తారు. డీజిల్ వద్దనే ఇంజిన్లూ ఉన్నాయి. ఎగరేసేవాళ్లు ఈ విషయంలో రెండు వర్గాలు, రెండింటి మాటా వినదగ్గదే.

డీజిల్ కావాలనేవాళ్ల మొదటి మాట దొరకడం గురించి. బంకు ప్రతి ఊళ్లో ఉంది, బిల్లు ఇస్తారు. రెండో మాట జిడ్డు. కిరసనాయిలు కంటే డీజిల్ చిక్కన, బేరింగులకు మంచిది. (అంతమాత్రాన నూనె కలపడం మానెయ్యొచ్చని కాదు; మాన్యువల్ ఎంత చెబితే అంత కలపాల్సిందే.) మూడోది చాలామందికి తెలియదు. 2020 ఏప్రిల్ నుంచి మన బంకుల్లో దొరికే బీఎస్-6 డీజిల్‌లో గంధకం పది లక్షల పాళ్లలో 10 పాళ్లకు మించకూడదు. జెట్ ఏ-1లో 3,000 పాళ్ల దాకా ఉండొచ్చు. గంధకం వరకే చూస్తే బంకు డీజిల్ విమాన ఇంధనం కంటే ఎన్నో రెట్లు శుభ్రం.

వద్దనేవాళ్ల మాటలకూ బలముంది. చిక్కదనం వల్లే స్టార్టింగ్‌లో ఇబ్బంది వస్తుంది. చల్లటి ఇంజిన్‌లో ఇగ్నైటర్ మీద పడే డీజిల్ కిరసనాయిలంత తేలిగ్గా ఆవిరవదు. అంటుకోకుండా అడుగున మడుగు కట్టి, ఆపైన ఒక్కసారిగా అంటుకుంటే వెనక నుంచి మూరెడు మంట వస్తుంది. మసి, వాసన కూడా ఎక్కువ. చలిదేశాల్లో డీజిల్‌లోని మైనం గడ్డకడుతుందన్న భయం ఉంటుంది కానీ, భీమవరంలో ఆ బెంగ అక్కర్లేదు.

మన దగ్గర ఉన్న బెంగ వేరే. డీజిల్‌లో కొంత శాతం బయోడీజిల్ కలపడానికి అనుమతి ఉంది. బయోడీజిల్‌కి గాలిలో తేమ పీల్చుకునే గుణం ఎక్కువ. రొయ్యల చెరువుల గట్ల మీద ఏరియేటర్ల జనరేటర్ల కోసం పెట్టిన డీజిల్ డ్రమ్ములు చూసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. చుట్టూ నీళ్లే. పగలు వేడెక్కి రాత్రి చల్లబడినప్పుడల్లా డ్రమ్ము తేమగాలిని లోపలికి లాక్కుంటుంది. అడుగున చేరిన నీటికీ పైన తేలే డీజిల్‌కీ మధ్య సూక్ష్మజీవులు పెరిగి గోధుమరంగు నాచులాంటి జిగురు కడుతుంది. లారీ ఇంజిన్ ఫిల్టర్ పెద్దది, కొంతకాలం తట్టుకుంటుంది. బొటనవేలంత ఫిల్టరున్న టర్బైన్ తట్టుకోలేదు. కాబట్టి డీజిల్ మంచిదా చెడ్డదా అన్న ప్రశ్నకు నా దృష్టిలో సగం జవాబు అది బంకు నుంచి తాజాగా వచ్చిందా, గట్టు మీద నెలల తరబడి నిలవుందా అన్నదే.

నా మట్టుకు నేను శుభ్రమైన తెల్ల కిరసనాయిలు దొరికినంతకాలం దాన్నే వాడతాను, దొరకనప్పుడు రద్దీగా ఉండే బంకు డీజిల్ వాడతాను. డీజిల్‌తోనే ఏళ్ల తరబడి నడిపేవాళ్లను తప్పుపట్టే కారణం మాత్రం నాకు కనపడలేదు.

రోహిణి కార్తెలో మారిపోయే లెక్క

విదేశీ సలహాల్లో ఒక మాట తరచూ వస్తుంది: "కిరసనాయిలు భద్రమైనది, అగ్గిపుల్ల వేసినా అంటుకోదు." చల్లటి దేశంలో అది నిజమే. ఆ నిజాన్ని నిలబెట్టేది ఫ్లాష్ పాయింట్ అనే కొలత. ఏ వేడి దగ్గర ద్రవం పైన చేరిన ఆవిరి నిప్పురవ్వకు భగ్గుమంటుందో అదే ఫ్లాష్ పాయింట్. జెట్ ఏ-1కి అది కనీసం 38 డిగ్రీలుండాలి. మన కిరసనాయిలుకు 35. డీజిల్‌కి యూరప్ ప్రమాణం 55 అడుగుతుంది, మన ప్రమాణం అంతకంటే తక్కువతోనే ఒప్పుకుంటుంది.

ఈ అంకెల్ని మన పంటల క్యాలెండర్ పక్కన పెట్టి చూడాలి. డెల్టాలో చేలు ఖాళీగా ఉండేదెప్పుడు? దాళ్వా (రెండో పంట) కోతలయ్యి, కాలవలు కట్టేశాక. అంటే ఏప్రిల్ చివర నుంచి తొలకరి దాకా. చదును చేసి రోలర్ తొక్కించిన చేలో మోడల్ విమానం దింపడానికి వీలయ్యే ఆ వారాలే ఏడాదంతటిలో నిప్పులు చెరిగే వారాలు. మే నెలలో 45 డిగ్రీలు దాటడం రాజమండ్రికి కొత్త కాదు. ఎండలో నిలిపిన కారు డిక్కీలో ఇంకా ఎక్కువ. 38 డిగ్రీల ఫ్లాష్ పాయింట్ ఉన్న ఇంధనం ఆ డిక్కీలో ఉందంటే, "అంటుకోదు" అన్న గీతను అది ఎప్పుడో దాటేసింది. మూత తీసినప్పుడు వచ్చే ఆవిరి దాదాపు పెట్రోలు ఆవిరి పెట్టే భయమే పెడుతుంది.

పైగా కింద ఎండు దుబ్బులు, వెనక 600 డిగ్రీల గాలి. స్టార్టింగ్ చేసే చోట నేల తడిపి ఉంచడం, పక్కన కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ పెట్టుకోవడం అలవాటుగా వచ్చింది ఇందుకే. పొడి చల్లే సిలిండరూ మంట ఆర్పుతుంది కానీ ఆ పొడి ఇంజిన్ లోపలికి పోతే ఇంజిన్ మీద ఆశ వదులుకోవాలి. ఎండ ముదరకముందే, తెల్లవారుజామున ఎగరేసుకోవడంలో కూడా సగం కారణం ఇంధనమే.

నూనె లెక్క, ఒక పొరపాటు ఖరీదు

పది కిలోల తరగతి ఇంజిన్ పూర్తి వేగంలో నిమిషానికి సుమారు 350 మిల్లీలీటర్లు తాగుతుంది. ఎనిమిది నిమిషాల ఎగురుడులో ఎప్పుడూ పూర్తి వేగం ఉండదు. సగటున 250 అనుకుంటే 2 లీటర్లు. ఉదయం పూట నాలుగుసార్లు ఎగిరితే 8 లీటర్లు. 20 లీటర్ల క్యాను రెండు ఉదయాలకు వస్తుంది.

ఆ 20 లీటర్లకు 5 శాతం చొప్పున 1 లీటరు నూనె. విమానాల టర్బైన్ నూనె సాధారణంగా 946 మిల్లీలీటర్ల డబ్బాల్లో వస్తుంది. ఈ వింత కొలత అమెరికా క్వార్టు. ఒక డబ్బాను 20 లీటర్లలో పోస్తే 4.7 శాతం అవుతుంది. మాన్యువల్ ఖచ్చితంగా 5 అడిగితే ఇంధనాన్ని 18.9 లీటర్లకు తగ్గించుకోవాలి. ఈ తేడా చిన్నదే. పెద్ద తేడా వచ్చేది మిగులు దగ్గర.

నాకు జరిగింది చెబుతాను. క్యానులో నూనె కలిపిన ఇంధనం 7 లీటర్లు మిగిలింది. నూనె డబ్బా అప్పటికే ఖాళీ. "ముందే కలిపి ఉంది కదా" అన్న ధీమాతో ఉత్త కిరసనాయిలు 13 లీటర్లు పోసి నింపాను. లెక్క ఇప్పుడు చూస్తే గుండె జారుతుంది. 7 లీటర్లలో నూనె 350 మిల్లీలీటర్లు. 20 లీటర్లకు అది 1.75 శాతం, కావలసినదాంట్లో మూడో వంతు. ఎగిరినంతసేపూ ఏ తేడా తెలియలేదు. ఇంజిన్ ఆపాక ఇరుసు ఎప్పుడూ గాలిలా మెత్తగా, చాలాసేపు తిరిగి ఆగేది. ఆ రోజు సన్నగా గరగరమని, గబుక్కున ఆగింది. బేరింగులు మార్పించడానికి ఇంజిన్ని పంపి నెలల తరబడి ఎదురుచూశాను. అప్పటి నుంచి క్యాను మీద గుడ్డ టేపు అంటించి, ఎన్ని లీటర్లు, ఎంత నూనె, ఏ తేదీ అని రాస్తున్నాను.

ఈ నూనె ఉత్త చేత్తో పట్టుకునే సరుకు కాదు. వీటిలో చాలావాటిలో ట్రైక్రెసిల్ ఫాస్ఫేట్ అనే రసాయనం ఉంటుంది, అది నరాలకు చెడు. ఇంజిన్ వెనక వచ్చే తెల్ల పొగలోనూ ఈ నూనె ఆవిరి ఉంటుంది, గాలివాలున నిలబడడం మంచిది కాదు.

దొరకడం దగ్గరున్న చిక్కు

నిలవ చేసుకునే పరిమాణం మనల్ని పెద్దగా ఇబ్బంది పెట్టదు. 1934 నాటి పెట్రోలియం చట్టం కింద ఫ్లాష్ పాయింట్ 23 నుంచి 65 డిగ్రీల మధ్య ఉన్నవి బి తరగతి. కిరసనాయిలు, విమాన ఇంధనం, డీజిల్ అన్నీ అందులోవే. 1,000 లీటర్లకు మించని పాత్రల్లో మొత్తం 2,500 లీటర్ల దాకా ఈ తరగతి సరుకుకు లైసెన్సు అడగరు. మన 20 లీటర్ల క్యాను ఆ దరిదాపుల్లో కూడా లేదు. అయితే రైల్లో, బస్సులో పట్టుకెళ్లడం వేరే సంగతి, అది కుదరదు.

చిక్కు ఎక్కడి నుంచి తెచ్చామన్నదాంట్లో ఉంది. రేషన్ కిరసనాయిలు కల్తీకి పోకుండా నీలం రంగు కలిపేవారు. వంటకి, దీపానికి తప్ప దాన్ని వాడకూడదని 1993 ఉత్తర్వు చెబుతోంది. గ్యాసు కనెక్షన్లు ఇంటింటికీ వచ్చాక ఆంధ్రప్రదేశ్‌లో రేషన్ కిరసనాయిలు ఆగిపోయింది. కాబట్టి ఇప్పుడు ఎవరైనా నీలం సరుకు చూపిస్తే అది రాకూడని దారిలో వచ్చిందేమో అనుమానించాల్సిందే.

మిగిలింది బహిరంగంగా అమ్మే తెల్ల కిరసనాయిలు. దీనికి సబ్సిడీ లేదు, వాడకంపై ఆ ఆంక్ష లేదు. కానీ కొనేవాళ్లు పలచబడ్డాక కొట్లవాళ్లు తెప్పించడం తగ్గించేశారు. చమురు కంపెనీల డీలర్లు పీపాల లెక్కన అమ్ముతారు. ఒక్కడికి 200 లీటర్ల పీపా మోయలేని బరువే అయినా, నలుగురైదుగురు కలిసి తెప్పించుకుంటే బిల్లుతో, ఒకే రకం సరుకుతో సీజనంతా గడిచిపోతుంది.

జెట్ ఏ-1 మధురపూడి, గన్నవరం విమానాశ్రయాల్లో రోజూ విమానాల్లోకి ఎక్కుతూనే ఉంటుంది. అది కంచె దాటి చిల్లరగా రాదు. చమురు కంపెనీల విమానాశ్రయ కేంద్రాలు ఒప్పందమున్న వినియోగదార్లకే ఇస్తాయి. తెలిసిన మనిషి ద్వారా ఓ క్యాను తెప్పించుకోవచ్చన్న మాట వినపడుతూ ఉంటుంది. ఆ క్యానుకు బిల్లుండదు, పరీక్ష కాగితం ఉండదు. జెట్ ఏ-1 ప్రత్యేకతే ఆ కాగితమైనప్పుడు, అది లేకుండా వచ్చింది పేరుకే జెట్ ఏ-1.

సీసాలో సుడి

కాగితం లేనివాళ్లకు కన్నే కాగితం. విమానాశ్రయాల్లో కూడా మొదటి పరీక్ష కంటితోనే చేస్తారు. నేను తెల్ల గాజుసీసాలో అరలీటరు పట్టి, పావుగంట కదపకుండా ఉంచి, ఆకాశం వైపు ఎత్తి చూస్తాను. మంచి సరుకు తళతళలాడుతుంది. సీసాను చేత్తో గుండ్రంగా తిప్పి సుడి లేపితే, నలకలూ నీళ్లూ సుడి కాలి దగ్గరికి వచ్చి చేరతాయి. నీటిబొట్టు తామరాకు మీద బొట్టులా ముత్యంలా దొర్లుతుంది, కిరసనాయిల్లో కలవదు. ఒక్క బొట్టు కనపడిందంటే క్యాను అడుగున చెంచాడు ఉన్నట్టే. ఆ చెంచాడు పంపులోకి వెళ్లిన క్షణం మంట ఆరిపోతుంది. అప్పుడు విమానం ఎక్కడుంటే అక్కడి నుంచే, ఇంజిన్ లేకుండా దిగాలి. కింద చేపల చెరువే ఉంటుందో, కొబ్బరి తోటే ఉంటుందో చెప్పలేం.

క్యాను కూడా ఈ లెక్కలోదే. ఆక్వా మందుల డబ్బాలు, వంటనూనె టిన్నులు ఎంత కడిగినా అడుగున ఏదో ఒకటి మిగులుతుంది. కొత్త మందపాటి ఇంధనపు క్యాను ఖరీదు బేరింగుల ఖరీదులో ఏపాటి? సార్వా (తొలి పంట) నాట్లకు చేలో నీళ్లు పెట్టగానే ఎగరేసే చోటు పోతుంది, మళ్లీ కోతల దాకా క్యాను మూలనే ఉండాలి. అప్పుడు సగం ఖాళీ క్యాను రెండింటికంటే నిండు క్యాను ఒకటి నయం. లోపల గాలి లేకపోతే వానాకాలపు తేమ చేరే చోటూ ఉండదు. కోతలయ్యాక మూత తీసి, మళ్లీ ఆ సీసాలోనే అరలీటరు పట్టి, సుడి తిప్పి చూసుకున్నాకే ట్యాంకులో పోస్తాను.